జాడీ మీద సరిహద్దు

మా ఇంట్లో ఉప్పు డబ్బా ఒక రాష్ట్రంలో ఉంటుంది. అన్నం తినే బల్ల ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. అమెరికాలో రెండు రాష్ట్రాల సరిహద్దు మా వంటగది గడప మీదుగా పోతుందని ఇల్లు అద్దెకిచ్చినాయన ముందు చెప్పలేదు. చెప్పినా అమ్మ ఒప్పుకునేదే. తను పనిచేసే ఆస్పత్రికి నడిచి వెళ్ళొచ్చు.

ఆ రాష్ట్రాల పేర్లు రాయడం లేదు. ఏ పేరు ముందు రాసినా రెండో రాష్ట్రానికి కోపం వస్తుందని ఇప్పుడు నాకు అనుభవం మీద తెలుసు. డైరీలో రాసుకున్నట్టే వంటగది రాష్ట్రం, హాలు రాష్ట్రం అంటాను.

అమ్మ నర్సు. నాన్న పెద్ద ట్రక్కు నడుపుతాడు. వారానికి ఐదు రాష్ట్రాలు దాటి వస్తున్నానని గొప్పగా చెబుతాడు. మంచినీళ్ళకి లేచినా రాష్ట్రం దాటే మాకు అది గొప్పగా అనిపించదు. అమ్మమ్మ వీరరాఘవమ్మ మూడు నెలల కిందట మమ్మల్ని చూడ్డానికని వచ్చింది. నేను తిరుపతమ్మని. పదిహేనేళ్ళు. కృష్ణా జిల్లాలో మా ఊరి హైస్కూల్లోనే తొమ్మిదో తరగతి దాకా చదివాను. ఇక్కడి బడిలో ఎనిమిది నెలల్లో నేను నోరు తెరిచి అన్న మాటలన్నీ ఒక పేజీలో రాయొచ్చు. రాశాను కూడా. ఇంకా కొంచెం చోటు మిగిలింది.

మొదట్లో రెండు రాష్ట్రాల కాపురం సరదాగానే ఉండేది. వంటగది గడియారం హాలు గడియారం కంటే గంట ముందు నడుస్తుంది. అమ్మమ్మ ఏడింటికి కాఫీ కలిపి హాల్లోకి తెస్తే నేను ఆరింటికల్లా తాగేసేదాన్ని. వంటగది రాష్ట్రంలో ప్లాస్టిక్ కవర్లు నిషేధం. అందుకని కవర్లు కుక్కిన కవరుని అమ్మమ్మ హాలు వైపు మేకుకి తగిలించింది. హాలు రాష్ట్రంలో పదహారేళ్ళు నిండనివాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక వీధిలోకి రాకూడదు. వంటగది రాష్ట్రంలో ఆ బాధ లేదు. ఎనిమిది దాటాక చెత్త పారేయాలంటే పెరటి గుమ్మంలోంచి వెళ్ళేదాన్ని. వంటగది రాష్ట్రంలో మా కుక్కరు కూస్తే హాలు రాష్ట్రంలో వినపడుతోందని ఒకసారి ఉత్తరం కూడా వచ్చింది. పొరుగు రాష్ట్రపు కూతలు రోజుకి ఆరు దాటితే సహించరట. ఆ రోజు నుంచి కందిపప్పు నానబెట్టి వండుతున్నాం.

ఈ రెండూ కాక మా ఇంట్లో మూడో చట్టం ఒకటి ఉంది. అది అమ్మమ్మది. నెలకి మూడు రోజులు నేను బయట చేరినప్పుడు వంటగది గడప దాటకూడదు. హాల్లో కిటికీ దగ్గర చాప, నా కంచం, నా గ్లాసు. అన్నిటికంటే ముఖ్యం, ఊరగాయ జాడీ ముట్టుకోకూడదు. దాని పక్కనుంచి నడవకూడదు.

"చెయ్యి దాకా ఎందుకే, నీడ తగిలినా బూజు పట్టుద్ది," అంటుంది అమ్మమ్మ.

అమ్మ ఆస్పత్రిలో రోజూ అందరికీ శుభ్రం గురించి పాఠాలు చెప్పే మనిషి. ఇంటికొచ్చాక మాత్రం, "మీ అమ్మమ్మతో వాదించే ఓపిక నాకు లేదే. మూడ్రోజులేగా," అంటుంది.

అమ్మమ్మకి ఈ దేశంలో ఏదీ నచ్చలేదు. పాలు పలచన, ఎండ పలచన, మనుషుల మాట పలచన. తిరిగి వెళ్ళిపోతుందేమోనని నా భయం. అమ్మ డ్యూటీలో, నాన్న రోడ్డు మీద. బడి నుంచి వచ్చి నేను మాట్లాడేది అమ్మమ్మ ఒక్కదానితోనే. చివరికి ఆమే ఒక పరీక్ష పెట్టింది. ఊరి నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన జాడీలో ఈ ఏడు ఆవకాయ ఇక్కడే పెడతానంది.

"ఈ దేశంలో ఆవకాయ నిలిస్తే నేనూ నిలుస్తా. బూజు పట్టిందా, టిక్కెట్టు కొనండి. అంతే!"

ఆదివారం నాన్న ప్రయాణానికి ముందు గరాజులో కూర్చుని కాయలు కొట్టి ఇచ్చాడు. సోమవారం అమ్మమ్మ కలిపింది. జాడీ మూతికి తెల్లగుడ్డ బిగించి, పొయ్యి సెగ తగలకుండా గడప అవతల, హాలు వైపు గోడ వార పెట్టింది. ఇక మూడో నాడు, అంటే బుధవారం, పొద్దు గుంకేలోగా తిరగకలపాలి. అడుగున దిగిన ఉప్పూ కారం పైకి, పైన తేలిన నూనె కిందికి వెళ్ళాలి. ఆ ఒక్కటీ తప్పితే ఏడాది ఆవకాయ పోయినట్టే.

మంగళవారం పొద్దున నేను బడికి బయల్దేరబోతుంటే తలుపు కొట్టారు.

వచ్చినవాళ్ళు ఇద్దరు. వంటగది రాష్ట్రం నుంచి డడ్లీ గారు. పొట్టిగా, గుండ్రంగా, చంకలో లావుపాటి పుస్తకంతో. హాలు రాష్ట్రం నుంచి ప్రూయిట్ గారనే ఆవిడ. పొడుగ్గా, నడుముకి కొలత టేపుతో. వాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషే. డైరీలో తెలుగు చేసి రాసుకుంటే అది మా మండలాఫీసు భాషలా వచ్చింది. నా తప్పు కాదు, వేరే ఏ తెలుగులోనూ అది ఇమడలేదు.

"ఉపగ్రహ సహాయముతో జరిపిన పునఃసర్వే ఫలితముగా," అన్నారు డడ్లీ గారు, "ఇంతవరకు గడపపై ఉన్నదని భావింపబడిన సరిహద్దు, వాస్తవమునకు పదకొండు అంగుళములు హాలు దిశగా ఉన్నదని నిర్ధారించడమైనది."

"మా రాష్ట్రము ఇందుకు విచారము వెలిబుచ్చుచున్నది," అన్నారు ప్రూయిట్ గారు.

నేను అమ్మమ్మకి చెప్పాను. అమ్మమ్మ గడప వైపు చూసింది.

"అయితే నీ మూడ్రోజుల గీత కూడా పదకొండు అంగుళాలు జరిగినట్టేనా? అడగవే."

నేను అడగలేదు.

వాళ్ళు గోడ నుంచి గోడకి పసుపుపచ్చ టేపు అంటించుకుంటూ వచ్చారు. పక్క గదిలో నా మంచం చివర మీదుగా పోయింది. నా తల, నడుము హాలు రాష్ట్రం. పాదాలు మాత్రం వంటగది రాష్ట్రం అయ్యాయి. ఆ తర్వాత టేపు హాల్లోకి వచ్చి, గోడ వారగా పోతూ పోతూ జాడీ దగ్గర ఆగిపోయింది.

సరిహద్దు సరిగ్గా జాడీ మీదుగా ఉంది.

డడ్లీ గారు మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూశారు. కళ్ళు తుడుచుకున్నారు. పుస్తకం తిరగేశారు.

"ఇది ఎన్ని గంటలుగా శీతల యంత్రము వెలుపల ఉన్నది?"

"నిన్నటి నుంచి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

"మా చట్టము ప్రకారము ఖండింపబడిన ఫలము నాలుగు గంటలకు మించి బయట ఉండరాదు. ఉండిన యెడల అది ఫలము కాదు, ప్రమాదము."

"మా చట్టము ప్రకారము ఇది కుటుంబ స్వేచ్ఛ," అన్నారు ప్రూయిట్ గారు. "మా రాష్ట్రములో ఎవరైనను తమ ఇంట ఏదైనను కుళ్ళబెట్టుకొనవచ్చును."

"ఏమంటందే ఆ పొడుగమ్మాయి?"

"బాగుందంటోంది అమ్మమ్మా."

"మరి ఈ అబ్బాయి?"

"చూస్తున్నాడు."

చాలాసేపు చూశారు. ప్రూయిట్ గారు జాడీ కడుపు కొలిచారు. నూటికి యాభై ఎనిమిది పాళ్ళు తమ వైపు ఉందని తేల్చారు. డడ్లీ గారు మూతిగుడ్డ ముడి తమ వైపు ఉందని చూపించారు. కాబట్టి జాడీ తెరవాలంటే వంటగది రాష్ట్రం అనుమతి, లోపలిదాన్ని తాకాలంటే హాలు రాష్ట్రం అనుమతి. అటో ఇటో జరిపితే అంతర్రాష్ట్ర రవాణా అవుతుంది; దానికి వాహనం నంబరు కావాలి.

"జాడీకి నంబరేంటే!" అంది అమ్మమ్మ.

సాయంత్రం కల్లా జాడీ చుట్టూ నాలుగు కుర్చీలు వేసి టేపు కట్టారు. 'పరిష్కారమగు వరకు తాకరాదు' అని రెండు అట్టలు వేలాడదీశారు. ఒకటి అటు చదవడానికి, ఒకటి ఇటు చదవడానికి. ఉమ్మడి సమావేశానికి మరునాడు వస్తామన్నారు.

"రేపు పొద్దు గుంకేలోపు కలపాలని చెప్పవే వాళ్ళకి!"

చెప్పాను. డడ్లీ గారు రాసుకున్నారు. "పొద్దు అనగా ఏ రాష్ట్రపు పొద్దు?" అని అడిగారు.

అమ్మమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. టేపు ఇవతల చాప వేసుకుని జాడీని చూస్తూ కూర్చుంది. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి కుర్చీలని చూసింది, అట్టలు చదివింది, తల పట్టుకుంది.

"అమ్మా, పోనీ షాపులో సీసా కొనుక్కుందాంలే."

"సీసాతో పాటు టిక్కెట్టు కూడా కొనవే శేషూ."

బుధవారం పొద్దున నిద్ర లేచేసరికి నేను బయట చేరాను.

మామూలుగా అయితే వెంటనే చెప్పేస్తాను. చెప్పగానే అమ్మమ్మ చాప తీసి కిటికీ దగ్గర పరుస్తుంది. కానీ లేచి వచ్చేసరికే ఆమె వీధి తలుపు తీసి వాళ్ళ కోసం ఎదురు చూస్తోంది. రాత్రంతా నిద్ర లేదు, మొహం పీక్కుపోయింది. అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయింది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఎలాగూ జాడీ చుట్టూ టేపు ఉంది కదా, ముట్టుకునేది ఎవరు? ఆ రోజూ బడికి వెళ్ళలేదు. అమ్మమ్మ మాట వాళ్ళకీ, వాళ్ళ మాట అమ్మమ్మకీ చెప్పడానికి ఇంకెవరున్నారు?

ఉమ్మడి సమావేశం మా అన్నం బల్ల దగ్గర మొదలైంది. డడ్లీ గారు కుర్చీని వంటగది వైపు లాక్కుని గడపలో కూర్చున్నారు, తన అధికారం హాల్లో చెల్లదు కాబట్టి. అక్కడి నుంచి గట్టిగా మాట్లాడారు.

మధ్యాహ్నానికి మొదటి తీర్మానం అయింది. జాడీని నాశనం చేయాలంటే రెండు రాష్ట్రాల చట్టసభలూ ఒప్పుకోవాలి. అవి మళ్ళీ జనవరిలో గానీ కూర్చోవు. వదిలేయాలంటే ప్రమాదం. కాబట్టి దాన్ని 'నిర్వహించాలి'.

"నిర్వహణ అనగా ఏమి?" అని అడిగారు ప్రూయిట్ గారు.

నేను అమ్మమ్మని అడిగాను.

"తిరగకలపటమే! పొద్దుట్నుంచీ మొత్తుకుంటన్నది అదేగా!"

"తిరగకలపడం," అన్నాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండు రోజుల్లో మొదటిసారి ఒకే మాట రాసుకున్నారు.

ఇక ఎవరు కలపాలి? అమ్మమ్మ చీర చెంగు దోపుకుని లేచింది. డడ్లీ గారు చెయ్యి అడ్డం పెట్టారు. అమ్మమ్మ అతిథి, ఏ రాష్ట్రానికీ నివాసి కాదు. అమ్మ పడక గది హాలు వైపు. ఆమె ఒక్క రాష్ట్రానికే నివాసి. నాన్న ఆ సమయానికి నాలుగు రాష్ట్రాల అవతల ఉల్లిపాయలు దింపుతున్నాడు.

"ఉభయ రాష్ట్రముల యందును ఏకకాలమున నివసించు వ్యక్తి కావలెను," అన్నారు ప్రూయిట్ గారు. "అట్టి వ్యక్తి సృష్టిలో ఉండుట దుర్లభము."

డడ్లీ గారు నిన్న టేపు వేసేటప్పుడు గీసుకున్న పటం పరిచారు. వేలితో టేపు గీత వెంబడి వెళ్ళారు. నా మంచం దగ్గర వేలు ఆగింది.

"ఈ శయ్య ఎవరిది?"

నేను చెయ్యెత్తాను. బడిలో కూడా నేనెప్పుడూ చెయ్యెత్తలేదు.

"వయస్సు?"

"పదిహేను."

డడ్లీ గారి మొహం వెలిగిపోయింది. వాళ్ళ రాష్ట్రంలో పదహారేళ్ళు నిండనివాళ్ళు ఇంట్లో చేసే పనికి ఆహార ధ్రువపత్రం అక్కర్లేదట. అది వంట కిందికి రాదు, పిల్లల పెంపకం కిందికి వస్తుంది. ప్రూయిట్ గారు నా మంచం మళ్ళీ కొలిచి వచ్చారు. శిరస్సు తమది, పాదములు వారివి అని ప్రకటించారు. ఇద్దరూ లేచి నిలబడి నాతో చేతులు కలిపారు.

"ఏమైందే?" అంది అమ్మమ్మ.

"నన్నే కలపమంటున్నారు."

అమ్మమ్మ రెండు చేతులూ జోడించి పైకి చూసింది. "నా తల్లే! నువ్వు కలిపితే నేను కలిపినట్టే. చేతికి తడి లేకుండా చూసుకో. అడుగు దాకా పోనీ గరిట."

ఇప్పుడు చెప్పాలి. చెబితే జాడీ గతి ఇంక అంతే, ఈ రెండు రాష్ట్రాల్లో దాన్ని ముట్టుకోగల మనిషి ఇంకొకరు లేరు. అందులోనూ చెప్పాలంటే డడ్లీ గారి ముందు చెప్పాలి. ఆయన దాన్ని రాసుకుంటారు.

ఇంతలో గడియారం గొడవ మొదలైంది. అనుమతి పత్రం మీద ఇద్దరూ ఒకే సమయాన సంతకం చేయాలి. వంటగదిలో నాలుగున్నర. డడ్లీ గారు కలం తీశారు. హాల్లో అప్పటికి మూడున్నరే. ప్రూయిట్ గారు తనకి నాలుగున్నర అయ్యేదాకా ఆగాలన్నారు. అప్పటికి వంటగదిలో ఐదున్నర అవుతుంది. ఐదుకి డడ్లీ గారి అధికారం ఆ రోజుకి ముగిసిపోతుంది.

కిటికీలోంచి పడే ఎండ గోడ మీద మెల్లగా పైకి పాకుతోంది.

"ఇట్టా రండి నాయనా," అంది అమ్మమ్మ. ఇంగ్లీషు రాదు కానీ ఆవిడకి గీతల సంగతి బాగా తెలుసు. ఊళ్ళో బయట చేరినవాళ్ళని గడప అవతలే నిలబెట్టి, చెయ్యి మాత్రం ఇవతలికి చాపించి చల్ల పోయడం ఆవిడ చేతుల మీద ఎన్నిసార్లు జరిగిందో. ప్రూయిట్ గారి నాలుగున్నర అయ్యేదాకా ఆగింది. ఆ తర్వాత డడ్లీ గారి జబ్బ పట్టుకుని హాల్లోకి లాగి, ఆయన కుడి చెయ్యి ఒక్కటీ టేపు మీదుగా వెనక్కి వంటగది వైపు తిప్పింది. ఒళ్ళు హాల్లో ఉంది కాబట్టి ఆయనకి ఇంకా నాలుగున్నరే. చెయ్యి వంటగది రాష్ట్రంలో ఉంది కాబట్టి సంతకం చెల్లుతుంది.

డడ్లీ గారు వీపు వెనక సంతకం చేస్తూ, "అద్భుతము," అన్నారు. "ఈ వృద్ధురాలు ఏ శాఖలో పనిచేసియున్నారు?"

ఆఖరికి నా ముందు పత్రం పెట్టారు. పేరు. వయస్సు. శిరస్సు ఏ రాష్ట్రము. పాదములు ఏ రాష్ట్రము. చివర ఒక ప్రశ్న. దాన్ని డడ్లీ గారు పైకి చదివారు.

"ఏ చట్టము చేత గాని, నియమము చేత గాని, ఆచారము చేత గాని మీరు ఈ పాత్రను తాకకుండా నిషేధింపబడి ఉన్నారా?"

వంటగదిలో ఫ్రిజ్ గుర్రుమంటోంది.

"ఏమంటన్నాడే?" అంది అమ్మమ్మ.

నేను ఆమె మొహం చూశాను. గోడ మీద ఎండ చూశాను. అప్పటికి అది పైకప్పు దగ్గరికి వెళ్ళిపోయింది.

"చేతులు తుడుచుకున్నావా అంటున్నారు అమ్మమ్మా."

"మంచోడే. ఆ మాత్రం తెలుసన్నమాట! తుడుచుకుందని చెప్పు."

నేను 'లేదు' అని రాశాను. సంతకం చేశాను.

డడ్లీ గారు వంటగది వైపు నుంచి ముడి విప్పారు. ప్రూయిట్ గారు హాలు వైపు నుంచి గుడ్డ తీశారు. ఆవఘాటు గుప్పుమని లేచేసరికి రెండు రాష్ట్రాలూ ఒకేసారి తుమ్మాయి. అమ్మమ్మ ఎండబెట్టిన చెక్క గరిట నా చేతికిచ్చింది. నేను ఒక పాదం టేపు ఇటు, ఒక పాదం అటు పెట్టి, గరిట అడుగు దాకా దింపాను. ఉప్పు కరకరలాడింది. నూనె కిందికి దిగింది, ఎర్రటి గుజ్జు పైకి వచ్చింది. ముక్కలు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. భయంతో కాబోలు, చెప్పినదానికంటే రెండింతలు కలిపాను.

"చాల్లేవే, ముక్క నలుగుద్ది," అంది అమ్మమ్మ.

పత్రం మూడు ప్రతులు చేశారు. ఒకటి వంటగది రాష్ట్రానికి, ఒకటి హాలు రాష్ట్రానికి. మూడోది సంబంధిత ఇతర అధికారికి అందజేయవలెనని నాకిచ్చారు. ఆ ఇతర అధికారి అప్పుడు ప్రూయిట్ గారికి ముక్క రుచి చూపిస్తోంది. నేను దాన్ని మడిచి డైరీలో పెట్టుకున్నాను.

చాప సంగతి మర్నాడు పొద్దున చెప్పాను. "ఇవాళేనా?" అంది అమ్మమ్మ. "ఇవాళే," అన్నాను. "అమ్మయ్య, నిన్న కాకపోయె! దేవుడున్నాడు," అంటూ చాప పరిచింది. కొత్త టేపు ప్రకారం పదకొండు అంగుళాలు వెనక్కి పరిచింది.

అధికారులు నెలకోసారి తనిఖీకి రావాలని చట్టంలో ఉంది. మొదటి నెల వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ ఖాళీ సీసాలున్నాయి. నమూనా కోసమట. కిందటిసారి తీసుకున్న రుచి నమూనా కాదట.

ఆ రోజు అమ్మమ్మ అందరి ముందూ జాడీ మూత తీసింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పైన వేలెడు నూనె, ఎర్రగా, తేటగా. ఎక్కడా తెల్లచుక్క లేదు. అమ్మమ్మ ముక్క కొరికింది. టెంక కరకరమంది. ఆవిడ అమ్మ వైపు తిరిగింది.

"ఇంకో ఆర్నెల్లు ఉంటానని కాగితం పెట్టవే శేషూ."

అమ్మ నవ్వింది.

అధికారులు వెళ్ళాక అమ్మమ్మ వేడన్నంలో నెయ్యి వేసి, ఆవకాయ కలిపి, నా కంచంలో మొదటి ముద్ద పెట్టింది.

"చూశావా అమ్మడూ, వాళ్ళ చట్టాలతో ఎంత తిప్పలు పడ్డా మన నియమం మనం తప్పలేదు. అంటుచెయ్యి తగలనియ్యకుండా కాపాడుకున్నాం కాబట్టే ఇట్టా నిలిచింది. మీ పిన్నికి ఫోన్ చేసి చెప్పాలి, అది ఇవన్నీ వట్టివే అంటుద్ది. ఇంకో ముద్ద పెట్టనా?"

"పెట్టు అమ్మమ్మా," అన్నాను.